కోతకు భయపడిన తల్లి

“నా పిల్ల పొట్ట మీద కత్తి పెట్టనివ్వను! పెట్టనివ్వనంటే పెట్టనివ్వను! వెళ్ళాలనుకుంటే నన్ను తొక్కుకుని వెళ్ళండి!”

తలుపులమ్మ వీధి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. మామూలుగా కూర్చోలేదు. రెండు కాళ్ళూ చాపి, కొంగు నడుముకు బిగించి, గుమ్మమంతా తనే ఆక్రమించుకుని మరీ కూర్చుంది. కొవ్వూరులో గోదావరి గట్టును ఆనుకుని ఉన్న ఆ వీధిలో అందరూ చేపల మీద బతికేవాళ్ళే. పొద్దున్నే ఇంత గొంతు వినిపిస్తే చూడకుండా ఊరుకునే రకాలు కారు. అప్పటికే ముగ్గురు ఆడవాళ్ళు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని, కుళాయికి వెళ్తున్నట్టు నటిస్తూ ఆ ఇంటి ముందు రెండేసిసార్లు తిరిగారు.

లోపల తొమ్మిది నెలలు నిండిన అశ్విని ఒక చెయ్యి నడుం మీద వేసుకుని బీరువా అంతా వెతుకుతోంది. ముందురోజు రాజమండ్రిలో తీయించిన స్కానింగు కాగితం, డాక్టరుగారి చీటీలు అన్నీ ఉన్న ఫైలు కనిపించడం లేదు! ఆమె భర్త సురేష్‌బాబు చేతిలో హెల్మెట్ పట్టుకుని గదికీ గదికీ మధ్య తిరుగుతున్నాడు. నిడదవోలు సబ్‌స్టేషన్‌లో అతనికి ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కాలి.

“అత్తయ్యగారండీ, డాక్టరుగారు చెప్పింది మీరూ విన్నారు కదండీ...” అన్నాడు నెమ్మదిగా.

“మీరు ఊరుకోండి బాబూ! మీకు తెలీదండి ఇవన్నీ!” అంది తలుపులమ్మ.

ఫైలు చివరికి అశ్విని తండ్రి పోతురాజుకు దొరికింది. భార్య ఇరవై తొమ్మిదేళ్ళుగా ఏది దాచాలన్నా ఎక్కడ దాస్తుందో అతనికి బాగా తెలుసు. తిన్నగా చేపల ఐసుపెట్టె మూత తీశాడు. రెండు బొచ్చె చేపల కింద, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పైన దారం కట్టి భద్రంగా ఉంది ఫైలు! దాచడమంటూ దాచినా తడవకుండా మాత్రం చూసుకుంది ఆ తల్లి.

అశ్వినికి నవ్వు ఆగలేదు. “అమ్మా! మా తొమ్మిదో క్లాసు పిల్లలు ప్రోగ్రెస్ కార్డులు దాస్తారు. వాళ్ళకి కూడా ఈ ఐడియా రాలేదు!”

“నవ్వవే, నవ్వు! నీకు నవ్వులాటగానే ఉంటుంది...” అని తలుపులమ్మ ఒక్కసారిగా భోరుమంది. నవ్వుతున్న కూతురు గబుక్కున నవ్వు ఆపేసింది.

విషయం చిన్నదేమీ కాదు. బిడ్డ కడుపులో అడ్డంగా ఉంది. తల కిందికి రాలేదు. వారం రోజులు చూశారు, తిరగలేదు. డాక్టర్ హెలెన్ గారు ఎదురుగా కూర్చోబెట్టి తల్లికీ కూతురికీ విడమర్చి చెప్పారు. గురువారం సాయంత్రం ఆసుపత్రిలో చేరాలి, శుక్రవారం పొద్దున ఆపరేషన్. “ఈలోగా నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా ఒక్క నిమిషం కూడా ఇంటి దగ్గర ఆగకండి. బిడ్డ అడ్డంగా ఉండగా కాన్పు కాదండి. ఆగితే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు” అన్నారామె. తలుపులమ్మ అక్కడ తల ఊపింది. వంతెన దాటి ఇంటికి వచ్చాక మాట మార్చేసింది.

“నువ్వు లేమ్మా గుమ్మంలోంచి” అంది అశ్విని.

“లెగను.”

“అయితే నేనూ నీ పక్కనే గడప మీద కూర్చుంటాను” అని అశ్విని నిజంగానే తలుపు పట్టుకుని వంగబోయింది.

“ఓసి నీ మొహం మండా! కడుపుతో ఉన్నదానివి, గడప మీద కూర్చుంటావా!” అంటూ తలుపులమ్మ స్ప్రింగులా లేచి నిలబడింది. ఆ సందులోంచి సురేష్‌బాబు బయటపడి బండి స్టార్ట్ చేసుకున్నాడు. బిందెల ఆడవాళ్ళు కూడా ఇక చూసేదేమీ లేదని కుళాయి దగ్గరికి వెళ్ళారు.

తలుపులమ్మది మొండితనం అనుకుంటే పొరపాటే. యాభై రెండేళ్ళ వయసులో ఆమె గుండెలో యాభై రెండేళ్ళ నాటి ముల్లు ఒకటి ఉంది. ఆమె పుట్టిన రోజే ఆమె తల్లి పాపాయమ్మ పోయింది! కాన్పు కష్టమైందని నావలో రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళారట, అక్కడ కడుపు కోశారట, బిడ్డ బతికింది, కోత తట్టుకోలేక తల్లి చచ్చిపోయింది... వీధిలో చెప్పుకునే కథ అదే. మారుతల్లి కోపం వచ్చినప్పుడల్లా “తల్లిని కోసుకుని పుట్టిందిది!” అనేది. తండ్రి ఆ మాట అనలేదు కానీ, అన్నప్పుడు కాదని కూడా అనలేదు. తల్లి ఫొటో ఒక్కటి కూడా ఇంట్లో లేదు. అద్దంలో తన మొహం చూసుకుంటూ అమ్మ ఇలా ఉండేదా, ఈ ముక్కు అమ్మదా అని చిన్నప్పుడు ఎన్నిసార్లు అనుకుందో! పదేళ్ళ వయసు నుంచీ కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోసింది. గుడ్లున్న చేప పొట్ట చీల్చవలసి వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగేది. పొట్ట చీల్చాక ఏ చేపైనా బతికిందా? ఆమె ఎరిగిన కోత అదొక్కటే. తన ఒక్కగానొక్క కూతుర్ని అటువంటి కోతకు నడిపించుకుని తీసుకెళ్ళి అప్పజెప్పమంటే ఎలా అప్పజెప్తుంది?

అందుకే అశ్వినికి మూడో నెల అని తెలిసిన రోజున ఆమె ఎవరికీ చెప్పకుండా మొక్కుకుంది. ‘అమ్మా, నా పిల్లకి సుఖంగా పురుడు రావాలి. దాని కాన్పయ్యేదాకా నేను కత్తిపీట ముట్టుకోను’ అని లోవ కొండ మీది తల్లికి, తన పేరుగల తలుపులమ్మ తల్లికి, దణ్ణం పెట్టుకుంది. చేపలమ్మే మనిషి కత్తిపీట ముట్టుకోకపోతే ఇంకేముంది! బజారులో జనం చేప కొన్నాక ముక్కలు కొట్టించుకుని, శుభ్రం చేయించుకుని మరీ వెళ్తారు. చెయ్యి నొప్పని అబద్ధమాడి పక్క బుట్ట రాణిని చూపించేది. నాలుగు రోజులయ్యేసరికి కొనేవాళ్ళు కూడా రాణి దగ్గరే కొనుక్కోవడం మొదలుపెట్టారు. బుట్టలో చేపలు బుట్టలోనే ఉండి మధ్యాహ్నానికి మెత్తబడిపోతుంటే, ఎండలో కూర్చుని చూస్తూ ఉండేది తప్ప కత్తి మాత్రం పట్టలేదు. అంత నిష్ఠగా ఉన్నా, చివరికి ఇదా! నేను కత్తి వదిలేస్తే ఆ కత్తి నా పిల్ల మీదికే వచ్చిందా... అని ఆమె కుమిలిపోయింది.

ఆ పూట కంచంలో అన్నం వడ్డిస్తూ అడిగింది. “ఆ డాక్టరమ్మ ఏదో పేరు చెప్పింది కదే... సిజేరియనని. అదేం పేరే?”

అశ్విని హైస్కూల్లో సోషల్ చెబుతుంది. ఇలాంటి ప్రశ్న అడిగితే ఆమెకు ఆకలి కూడా గుర్తుండదు. “అదా! రోమ్ అని ఓ దేశం ఉండేదమ్మా పూర్వం. అక్కడ సీజర్ అని గొప్ప సేనాధిపతి. ఆయన వాళ్ళమ్మ పొట్ట కోస్తే పుట్టాడని, అందుకే ఆ పేరొచ్చిందని అందరూ చెప్పుకుంటారు. కానీ అది నిజం కాదు.”

“ఎంచేత కాదు?”

“ఎంచేతంటే, ఆయన పెద్దవాడై యుద్ధాలు చేసేదాకా వాళ్ళమ్మ నిక్షేపంగా బతికే ఉంది. ఆ రోజుల్లో పొట్ట కోస్తే తల్లి బతకడం అనేది లేదమ్మా...”

తలుపులమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అశ్విని చూసుకోలేదు. ఉత్సాహంగా చెప్పుకుపోతూనే ఉంది. “అక్కడో పాత చట్టం ఉండేదట. నిండు గర్భిణి చనిపోతే, కడుపులో బిడ్డని తీయకుండా ఖననం చేయకూడదని. తర్వాత సీజర్లు అనే చక్రవర్తుల కాలంలో ఆ చట్టానికి వాళ్ళ పేరొచ్చిందంటారు. కాదు, వాళ్ళ భాషలో కోయడానికి ఉన్న మాట నుంచే వచ్చిందని ఇంకొందరంటారు. ఖాయంగా ఎవరికీ తెలీదు. ఏది ఏమైనా అప్పట్లో చనిపోయిన తల్లికే ఆ కోత. ఇప్పుడు అలా కాదు కదా, మా స్టాఫ్ రూములోనే ఆరుగురం ఉంటే నలుగురికి...”

తలుపులమ్మ ఆ నలుగురి గురించి వినలేదు. చక్రవర్తుల గురించీ వినలేదు. ‘కోస్తే తల్లి బతకడం అనేది లేదు...’ అంతవరకే ఆమె చెవిలో పడింది. మిగతా అన్నం కూతురు ఎప్పుడు తిన్నదో, తను గిన్నెలు ఎప్పుడు తోమిందో ఆమెకే తెలియదు. ఇంత చదువుకున్న పిల్ల, తన నోటితో తనే చెప్పింది! అయినా నవ్వుతూ వెళ్తానంటోంది! ఇక ఈ పిల్లని కాపాడుకోవాలంటే తనే ఏదో ఒకటి చెయ్యాలి.

మరునాడు గురువారం మధ్యాహ్నం, అశ్విని ఆసుపత్రికి బట్టలు సర్దుకుంటుంటే, అరుగు మీద వల కుట్టుకుంటున్న పోతురాజుతో “ఇప్పుడే వస్తాను, పిల్లని చూస్తూ ఉండు” అని చెప్పి తలుపులమ్మ వీధి చివరికి పరుగులాంటి నడక నడిచింది. అక్కడ లోవమ్మ ఇల్లు. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు. ఒకప్పుడు ఈ వీధికంతటికీ మంత్రసాని. ఆవిడ అత్తగారూ మంత్రసానే. పురుళ్ళు పోయడం ఎప్పుడో మానేసింది కానీ, ఆవిడ హస్తవాసి గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

“లోవమ్మత్తా! నువ్వే దిక్కు! బిడ్డ అడ్డం తిరిగింది. నువ్వొచ్చి నూనె రాసి, పొట్ట మీద సవరదీసి తలకిందికి తిప్పెయ్యి. సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్ళిపోతారు. ఈలోపే కానివ్వాలి... నీ కాళ్ళు పట్టుకుంటాను!” అంటూ నిజంగానే కాళ్ళ మీద పడింది.

లోవమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. మంచం పట్టె మీద రెండు చేతులూ పెట్టి, వాటినే చూసుకుంటూ అంది. “నేను రాను. ఈ చేతులు ఆ పిల్ల కడుపు మీద పెట్టను.”

“ఎందుకని?”

“ఎందుకంటే... ఇలాగే తిప్పుతామని మీ అమ్మని చంపేశాం కాబట్టి!”

తలుపులమ్మకు ఆ మాట అర్థం కాలేదు. లోవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తీసేసింది. చెప్పకుండా దాచుకున్నవన్నీ ఇక ఆగలేదు.

“నువ్వు కూడా అడ్డంగానే ఉన్నావే తల్లీ. మీ అమ్మకి నొప్పులొచ్చాయి. మా అత్త వచ్చింది, వెనకాల నేను వచ్చాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఓ రాత్రంతా, మర్నాడు పగలంతా పొట్ట పిసుకుతూనే ఉంది మా అత్త. తిరుగుతుంది, తిరుగుతుంది అంటానే ఉంది. నీ చెయ్యి ముందు బయటికొచ్చేసింది... నీ చిన్న చెయ్యి! అప్పుడు మీ నాన్న ఏడ్చి గోల చేస్తే ఆసుపత్రికి ఒప్పుకుంది. అప్పటికింకా బ్రిడ్జి మీద రోడ్డు లేదు. గోదారి నిండుగా ఉంది. నావలో దాటేసరికి మీ అమ్మ మాట పడిపోయింది. తల నా ఒళ్ళోనే ఉంది. ఆసుపత్రి వరండాలోకి ఎక్కించాం... అక్కడే ఊపిరి ఆగిపోయింది. నా ఒళ్ళోనే! ఓ లేడీ డాక్టరు పరిగెత్తుకొచ్చి, మెడ దగ్గర చెయ్యి పెట్టి చూసింది, పొట్ట మీద చెవి పెట్టి విన్నది. ‘తల్లి పోయింది, బిడ్డ గుండె కొట్టుకుంటోంది’ అంది. గదిలోకి తీసుకెళ్ళే టైము కూడా లేదని అక్కడికక్కడే, వరండాలోనే కోసి నిన్ను తీసింది. కత్తి వల్ల మీ అమ్మ పోలేదే! కత్తి వచ్చేసరికే పోయింది. ఆ కత్తి వల్ల నువ్వు దక్కావు. ఆ పొద్దున్నే కత్తి దొరికుంటే మీ అమ్మ కూడా దక్కేదని ఆ డాక్టరమ్మ మా అత్తని నిలేసి తిట్టింది.”

“మరి... మరి అందరూ...”

“తిరిగొచ్చేటప్పుడు నావలో మా అత్త గుట్టుగా నాచేత ఒట్టు వేయించుకుంది. ఆసుపత్రోళ్ళు కోసి చంపేశారని చెప్పమంది. మీ నాన్న డాక్టరుకోసం ఆసుపత్రంతా పరిగెడుతూ ఏదీ చూడలేదు, మేం చెప్పిందే నమ్మాడు. వీధంతా నమ్మింది. ఆ మాటకి భయపడి ఆసుపత్రికి వెళ్ళకుండా మన వీధిలోనే ఇంకో ఇద్దరు ఆడకూతుళ్ళు పోయారు! అత్త పోయాక చెబుదామనుకున్నాను. నువ్వు ఎదురుపడినప్పుడల్లా అనుకున్నాను. నోరు రాలేదు తలుపులమ్మా...”

తల్లిని కోసుకుని పుట్టిందట! ఎన్ని వందలసార్లు విన్నది ఆ మాట! అన్నం ముందు కూర్చున్నప్పుడు విన్నది, పెళ్ళి పీటల మీద కూర్చోబోతూ కూడా విన్నది. పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు సైతం ‘నా వల్ల పోయింది మా అమ్మ’ అనుకుంటూనే పెట్టుకుంది. అది అబద్ధం! తను ఏ పాపమూ చెయ్యలేదు! ఈ ముసలిది నాలుగిళ్ళ అవతల కూర్చుని అన్నీ తెలిసి, చూస్తూ ఊరుకుంది! ఆమెకు లోవమ్మ జుట్టు పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే నిన్న కూతురు చెప్పిన మాట చివరిదాకా ఇప్పుడు వినిపించింది. చనిపోయిన తల్లికే ఆ కోత, ఇప్పుడు అలా కాదు కదా!

“నన్ను తర్వాత తిడుదువుగాని, కొడుదువుగాని... ముందు పిల్లని తీసుకెళ్ళవే! సాయంత్రం దాకా ఆగొద్దు!” అంది లోవమ్మ ఏడుస్తూ.

అంతలో తలుపులమ్మ బొడ్లో ఫోను మోగింది. అశ్విని! గొంతు నిబ్బరంగానే ఉంది కానీ, ఊపిరి బరువుగా వస్తోంది.

“అమ్మా, గాబరా పడకు. ఉమ్మనీరు పోయింది. ఆసుపత్రికి ఫోన్ చేశాను. నర్సు తబిత గారు నడవొద్దన్నారు, ఎడమ పక్కకి తిరిగి పడుకోమన్నారు. పడుకున్నాను. ఆయన తిన్నగా ఆసుపత్రికే వచ్చేస్తానన్నారు. నాన్న ఆటో కోసం వెళ్ళాడు. నువ్వు... నువ్వొస్తావా అమ్మా?”

అంతసేపూ ధైర్యంగా మాట్లాడిన పిల్ల ఆ చివరి మాట దగ్గర తడబడింది. ఎంత చదివినా, ఎంతమంది పిల్లలకి పాఠాలు చెప్పినా, ఆ సమయంలో ఆడపిల్లకి కావలసింది అమ్మే కదా!

“వచ్చేస్తున్నానే తల్లీ! కదలకు!” అంది తలుపులమ్మ. అనడమే కాదు, ఆటో కంటే ముందు ఇంటికి చేరింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో హుకుం అంతా ఆమెదే. పక్కింటివాళ్ళ చేత దుప్పటి పట్టించి, కూతుర్ని నేల మీద కాలు పెట్టనివ్వకుండా ఆటోలో పడుకోబెట్టింది. తల తన ఒళ్ళో పెట్టుకుంది. ఫైలు తనే చంకలో పెట్టుకుంది. పోతురాజు డ్రైవరు పక్కన ఎక్కాడు. “బాబూ, గుంతలు చూసుకుని పోనీ! కానీ ఆగకు!” అని కేకేసింది. బ్రిడ్జి ఎక్కాక కింద అంతస్తులో రైలు వెళ్తుంటే పైన ఆటో అంతా అదిరింది. అశ్విని పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుంటూ తల్లి చెయ్యి పట్టుకుంది. తల్లి అంతకు రెండింతలు గట్టిగా పట్టుకుంది.

“అబ్బా, అమ్మా! చెయ్యి నొప్పని ఆరు నెలల్నించి కత్తే పట్టుకోలేదు... నా వేళ్ళు విరిచేసేలా ఉన్నావేంటి?”

“నొప్పీ లేదు, పాడూ లేదే! నీకు సుఖంగా పురుడు రావాలని మొక్కుకుని మానేశాను...”

అశ్విని నొప్పి మరిచిపోయి తల్లి మొహంలోకి చూసింది. బజారులో అమ్మ బుట్ట ఎందుకు నిండుగా తిరిగి వస్తోందో, ‘బేరాలు లేవే’ అని ఎందుకు తప్పించుకునేదో ఆ పిల్లకు ఇప్పుడు తెలిసింది. “ఇన్నాళ్ళూ ఎండలో ఊరికే కూర్చున్నావా అమ్మా, నా కోసం... నేనేమో నిన్న ఫైలు దాచావని ఎగతాళి చేశాను!” అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“ఏడవకే, ఊపిరి పీల్చుకో. డాక్టరమ్మ చేతిలో ఉన్న కత్తి మంచిదే. నన్ను బతికించింది కూడా అదే. అంతా తర్వాత చెబుతాను” అంది తలుపులమ్మ. ముందు సీట్లోంచి పోతురాజు ఆశ్చర్యంగా వెనక్కి తిరిగి చూశాడు.

ఆసుపత్రి గుమ్మంలోనే తబిత స్ట్రెచర్‌తో సిద్ధంగా ఉంది. డాక్టర్ హెలెన్ గారు పరీక్ష చేసి, వెంటనే ఆపరేషన్ అన్నారు. అశ్విని పడుకునే సంతకం పెట్టింది. తోడు వచ్చినవాళ్ళ సంతకం కూడా కావాలన్నారు. పోతురాజు చెయ్యి చాపాడు కానీ, కాగితం తలుపులమ్మ అందుకుంది. కూతురు తన చిన్నప్పుడు పలక మీద దిద్దించి నేర్పిన సంతకం, అయిదు అక్షరాలూ గీత మీద నుంచి జారకుండా పెట్టింది. అప్పుడు డాక్టరుగారిని ఒకే ఒక్క మాట అడిగింది.

“మత్తిచ్చేస్తారాండీ? మా పిల్లకి ఏం తెలీదా?”

“నడుముకి ఇంజెక్షన్ ఇస్తామండి. కింద నొప్పి తెలీదు. మనిషి మాత్రం మెలకువగానే ఉంటుంది. బిడ్డ ఏడుపు అందరికంటే ముందు తనే వింటుందండి” అన్నారు హెలెన్ గారు.

“మెలకువగానే ఉంటుందా!” అంది తలుపులమ్మ. తలుపు మూసుకున్నాక కూడా ఆ మాటే గొణుక్కుంటూ ఉంది.

అరగంట కూడా గడవలేదు. సురేష్‌బాబు చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చి నిలబడ్డాడో లేదో, లోపలి నుంచి ఏడుపు వినిపించింది. మామూలు ఏడుపా అది! పోతురాజు అక్కడే గోడకు చేరబడి కళ్ళు తుడుచుకున్నాడు. తబిత తెల్లటి గుడ్డలో చుట్టిన బిడ్డను తీసుకుని బయటికి వచ్చింది.

“ఆడపిల్లండి! మూడు కిలోల మీదే ఉంది. అమ్మమ్మగారూ, ముందు మీరు పట్టుకోండి!”

తలుపులమ్మ చేతులు చాపలేదు. కన్నెత్తి కూడా బిడ్డ వైపు చూడలేదు. ఆమె చూపంతా ఆ తలుపు మీదే ఉంది. “వాళ్ళ నాన్నకివ్వండి. మా అమ్మాయి ఏదండీ?”

“కుట్లు వేస్తున్నారండి. బాగుంది. ఓ గంటలో బయటికి తీసుకొస్తారు. మీరు ఈలోపు కూర్చుని...”

“నేనిక్కడే ఉంటాను.”

అలాగే నిలబడింది. అల్లుడు కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదు. మొగుడు టీ తెస్తే తాగలేదు. బిడ్డ చుట్టూ అందరూ మూగారు, ముక్కు తండ్రిదని ఒకరు, నుదురు తాతదని ఒకరు. తలుపులమ్మ ఒక్కతే తలుపు దగ్గర. యాభై రెండేళ్ళ కింద ఈ ఊళ్ళోనే ఏదో ఒక వరండాలో అందరూ బిడ్డను తీసుకుని నావ ఎక్కి వెళ్ళిపోయారు, లేచి వస్తుందని ఎదురుచూడటానికి అక్కడ తల్లి లేదు! ఇక్కడ తల్లి ఉంది. కూతురు బయటికి వచ్చేదాకా ఎంతసేపైనా సరే, ఎదురుచూడటానికి తలుపులమ్మ ఉంది. లోవమ్మ మీద కోపం మాత్రం ఆ నిలబడటంలో కాస్త కూడా తగ్గలేదు. ఆ తర్వాత చాలా రోజుల వరకు తగ్గలేదు కూడా. కానీ ఆ ముసలావిడ ఆ మధ్యాహ్నం కూడా నోరు విప్పకపోయి ఉంటే...

తలుపు తెరుచుకుంది. స్ట్రెచర్ మీద అశ్విని. మొహం పాలిపోయి ఉంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి! నిండుగా తెరిచి, ఎవరికోసమో వెతుకుతున్నాయి.

“అమ్మా...” అంది నీరసంగా. “పొద్దున్నించీ ఏమైనా తిన్నావా?”

అంతే! ఐసుపెట్టెలో ఫైలు దొరికిపోయినప్పుడు కూడా అంత ఏడవలేదు తలుపులమ్మ. స్ట్రెచర్ కడ్డీ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కోసిన తర్వాత కళ్ళు తెరిచిన తల్లిని ఆమె చూడటం అదే మొదటిసారి! కూతురి నుదురు, చెంపలు, గడ్డం అన్నీ చేత్తో తడిమి తడిమి చూసుకుంది. ఆ తర్వాత గబగబా కన్నీళ్ళు తుడుచుకుని, అల్లుడి దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ చాపింది.

“ఇప్పుడివ్వండి బాబూ నాకు.”

బిడ్డను తెచ్చి అశ్విని చెంపకు చెంప ఆనించి పట్టుకుంది. ఎర్రటి చిన్న మొహం చిట్లించుకుని ఏడుస్తున్న ఆ పిల్ల, తల్లి ఊపిరి తగలగానే ఏడుపు ఆపి, ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండో కన్ను కూడా తెరిచింది.

“ఇదిగోనే... మీ అమ్మ!” అంది తలుపులమ్మ ఆ పసిదాని చెవిలో. “బాగా చూసుకో తల్లీ! తొందరేం లేదు. నీ ఇష్టమొచ్చినంతసేపు చూసుకో!”